మన ఫొటోలు మన ఇంట్లోనే ఉండాలి!

ఇంటింటికీ ఒక స్టోరేజీ సర్వరు: కాలనీవాసులందరికీ పిలుపు



మీ ఫోన్‌లో "స్టోరేజీ నిండిపోయింది" అన్న హెచ్చరిక ఎన్నాళ్లుగా కనిపిస్తోంది? దాన్ని వదిలించుకోవడానికి నెలనెలా డబ్బు కడుతున్నారా? లేక ఒక పూటంతా కూర్చుని పాత ఫొటోలు ఒక్కొక్కటే చెరిపేస్తున్నారా? పాప తప్పటడుగుల వీడియో ఉంచుదామా, గృహప్రవేశం వీడియో ఉంచుదామా అని ఇంట్లో మాటామాటా అనుకుంటున్నారా? ఈ మూడింటిలో ఒకటైనా జరగని ఇల్లు మన కాలనీలో ఉండదు. అందుకే ఈ కరపత్రం మీ చేతికొచ్చింది.

మేం చెప్పేది ఒక్కటే మాట. మన కుటుంబం ఫొటోలు, వీడియోలు, కాగితాలు, వీటి అసలు ప్రతి మన ఇంట్లో, మన తాళం కింద ఉండాలి. బయట ఎక్కడ దాచినా అది నకలుగానే ఉండాలి. ఇవాళ జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. అసలు ప్రతి ఎవరిదో కంపెనీ గోడౌన్లో ఉంది, మనం దానికి అద్దె కడుతున్నాం.

దీన్ని సరిచేయడానికి లక్షలు పోయనక్కర్లేదు. ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు. మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ కంప్యూటరు, రెండు కొత్త హార్డ్ డిస్కులు, ఒక చిన్న ఎస్ఎస్‌డీ, ఒక యూపీఎస్, ఒక కేబులు, ఒక సెలవు రోజు చాలు.

జరిగింది చూడండి!

2015లో గూగుల్ ఫొటోస్ మొదలైనప్పుడు, కాస్త సైజు తగ్గించుకుంటే ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకోవచ్చన్నారు. జనం నమ్మారు. పెళ్లిళ్లు, పేరంటాలు, పురుళ్లు అన్నీ అక్కడికే చేర్చారు. 2021 జూన్ 1 నుంచి ఆ ఉచితం ఆగిపోయింది. అప్పట్నుంచి మెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ. ఇవాళ్టి ఫోన్లలో 4కే వీడియో నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాకా తింటుంది. అంటే ఆ 15 జీబీకి ఒక్క సత్యనారాయణ వ్రతం చాలు. కథ అయిదో అధ్యాయానికి వచ్చేసరికి జాగా నిండిపోతుంది.

2023 డిసెంబరు నుంచి మరో నియమం అమలులోకి వచ్చింది. వ్యక్తిగత గూగుల్ అకౌంటును రెండేళ్లపాటు ఎవరూ వాడకపోతే దాన్ని, అందులోని ఫొటోలతో సహా తొలగించే హక్కు కంపెనీ ఉంచుకుంది. కాలం చేసిన పెద్దవాళ్ల అకౌంటు ఎవరు తెరుస్తారు? నాన్నగారి ఫోన్ బీరువాలోనే ఉంటుంది, పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, సంవత్సరీకం అయ్యాక మరో ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

2021లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి, జబ్బుపడిన తన బిడ్డ ఫొటో తీసి డాక్టరుకు పంపాడు. కంప్యూటరు దాన్ని అశ్లీల చిత్రంగా లెక్కగట్టింది. గూగుల్ అకౌంటు మూసేశారు. పోలీసులు విచారించి, ఆయన తప్పేమీ లేదని తేల్చారు. అయినా అకౌంటు తిరిగి రాలేదు. ఏళ్ల తరబడి దాచుకున్న మెయిళ్లూ ఫొటోలూ దాంతోపాటే పోయాయి.

కంపెనీల పొరపాట్లు, ప్రమాదాలు వేరే ఉన్నాయి. సర్వర్లు మారుస్తుండగా 2015కూ అంతకుముందుకూ చెందిన పాటలు, ఫొటోలు పోయాయని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటరు తగలబడింది. వేరే చోట నకలు ఉంచుకోని ఖాతాదారులు అంతటితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు లేచి, ఉద్యోగుల ఫైళ్లు 858 టీబీ బూడిదయ్యాయి. వాటికి బయట నకలు లేదు. సాంకేతికతలో ప్రపంచానికి ముందు నడిచే దేశం అది!

ఈ కథలన్నిటిలో నీతి ఒకటే. ఒక్కచోటే ఉన్నది ఎక్కడ ఉన్నా ప్రమాదమే. అది కంపెనీ దగ్గరున్నా అంతే, మన బీరువాలో ఉన్నా అంతే. పెళ్లి ఫొటోగ్రాఫరు ఇచ్చిన హార్డ్ డిస్కును పట్టుచీరల మధ్య దాచి, పదేళ్ల తర్వాత తీసి కంప్యూటరుకు పెడితే టకటకమని చప్పుడు చేసి ఆగిపోవడం ఎన్ని ఇళ్లల్లో జరగలేదు?

కాబట్టి మేం క్లౌడును బహిష్కరించమనడం లేదు. ఉంచుకోండి. కానీ దాన్ని నకలు దాచే చోటుగా మార్చండి. వడ్లు మన గాదెలో పోసుకున్నాకే మిగిలినవి మిల్లుకు తోలతాం కదా!

సర్వరంటే భయమెందుకు?

సర్వరంటే ఏసీ గదిలో నల్లటి బీరువాలు, మెరిసే దీపాలు అనుకుంటాం. ఇంటి సర్వరు పని చాలా చిన్నది. రోజంతా ఆన్‌లో ఉండే ఒక కంప్యూటరు, ఇంటి రౌటరుకు కేబులుతో కలిపి ఉంటుంది. ఇంట్లో ఉన్న ఫోన్లు, లాప్‌టాపులు, టీవీ అన్నీ వైఫై ద్వారా దానితో మాట్లాడతాయి. దానికి మానిటరు అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు, మౌసు అక్కర్లేదు. ఒకసారి సిద్ధం చేశాక రౌటరు పక్కన తన పని తాను చేసుకుంటూ ఉంటుంది.

లాభం ఎంతో ఒక లెక్కలో చూడండి. పెళ్లి ఫొటోలు, వీడియోలు 300 జీబీ అనుకుందాం. ఇంట్లో గిగాబిట్ కేబులు మీద సెకనుకు సుమారు 110 ఎంబీ వేగం వస్తుంది. ముప్పావు గంటలో మొత్తం సర్వరుకు చేరిపోతాయి. అదే 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ కనెక్షన్‌తో క్లౌడుకు ఎక్కించాలంటే పదహారు గంటలు దాటుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకపోతే. 4 టీబీ డిస్కులో, ఫొటోకు 3 ఎంబీ చొప్పున, పదమూడు లక్షల ఫొటోలు పడతాయి. మూడు తరాలకు సరిపోతాయి! అన్నట్టు, 4 టీబీ అని కొన్న డిస్కు కంప్యూటరులో 3.6 అని చూపిస్తే దుకాణదారుతో గొడవ పడకండి. తయారీదారులు వెయ్యితో లెక్కిస్తారు, కంప్యూటరు 1024తో లెక్కిస్తుంది.

కావలసిన సామాను

కంప్యూటరు: ఇంట్లో పక్కన పెట్టేసిన 64 బిట్ డెస్క్‌టాప్ చాలు. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి. లేనివారు ఆఫీసులు వదిలించుకున్న పాత డెస్క్‌టాపులు కొనుక్కోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు, మనమంతా సీటీసీ అని పిలుచుకునే చోటు, అక్కడ అడిగితే చూపిస్తారు. లోపల పెద్ద హార్డ్ డిస్కులు పట్టే జాగా, కనీసం మూడు సాటా పోర్టులు ఉన్నాయో లేదో చూసి కొనండి. మరీ పాతదైతే పవర్ సప్లై కొత్తది వేయించండి. పగలూ రాత్రీ నడిచే యంత్రానికి అదే గుండె, దాని దగ్గర మాత్రం పొదుపు వద్దు.

చిన్న ఎస్ఎస్‌డీ: 120 జీబీది చాలు. సర్వరు నడిపే సాఫ్ట్‌వేరు దీని మీద ఉంటుంది. ఫొటోలు దీని మీద పెట్టం.

డిస్కులు రెండు: ఇవి మాత్రం కొత్తవే కొనండి. వాడేసిన డిస్కు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. రోజంతా నడవడానికి తయారుచేసిన రకం అడగండి: సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ లాంటివి. "ఇది సీఎంఆరా, ఎస్ఎంఆరా?" అని తప్పక అడగండి. ఎస్ఎంఆర్ రకంలో ఒక ట్రాకు అంచు మీదికి ఇంకో ట్రాకు వచ్చేలా రాస్తారు. చిన్న జాగాలో ఎక్కువ పడుతుంది గానీ, మళ్లీమళ్లీ రాయాల్సి వస్తే నత్తనడక నడుస్తుంది. సర్వరు కోసమని అమ్మే రెడ్ రకంలో కొన్ని మోడళ్లకు చెప్పకుండా ఎస్ఎంఆర్ వాడారని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది. ఆ తర్వాతే కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో జాబితాలు పెట్టాయి. మోడల్ నంబరు చూసి సీఎంఆర్ రకమే కొనండి.

యూపీఎస్: 600 వీఏది చాలు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా ఇది కావాలి. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ రెప్పపాటులో కంప్యూటరు ఆరిపోవచ్చు, రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ దొరికితే ఇంకా మేలు. బ్యాటరీ అడుగంటుతోందని అది సర్వరుకు చెబుతుంది, సర్వరు పద్ధతిగా తనంతట తానే ఆగిపోతుంది.

కేబులు: రౌటరు నుంచి సర్వరుకు క్యాట్ 6 కేబులు. సర్వరును వైఫై మీద నడపకండి.

చోటు: వంటింటి పొగ, పూజగది అగరొత్తులు, బాత్రూం తేమ వద్దు. నేల మీద పెట్టకండి. మూసిన అల్మరాలో పెట్టకండి. మన మే నెల ఎండల్లో డిస్కు వేడి 45 డిగ్రీలు దాటకుండా గాలి ఆడాలి. మూడు నెలలకోసారి మూత తీసి దుమ్ము దులపండి. వెనక ఖాళీ స్లాట్లుంటే మూయండి, లేకపోతే బల్లులు కాపురం పెడతాయి.

కూర్చే విధానం

ఒకటి. ఓపెన్ మీడియా వాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును దించుకుని పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. ఎస్ఎస్‌డీ మీద ఇన్‌స్టాల్ చేయండి. ఆ సమయంలో పెద్ద డిస్కుల కేబుళ్లు తీసి ఉంచండి. పొరపాటున తప్పు డిస్కును తుడిచేసే అవకాశమే ఉండదు.

రెండు. ఇంట్లో ఏ లాప్‌టాప్ నుంచైనా బ్రౌజరులో సర్వరు అడ్రసు కొట్టండి. మొదటిసారి వచ్చే పాస్‌వర్డు ప్రపంచమంతటికీ తెలిసిందే. మిగతా పనులన్నిటికంటే ముందు దాన్ని మార్చండి. రౌటరులోకి వెళ్లి సర్వరుకు ఒకే అడ్రసు ఎప్పటికీ ఉండేలా కట్టేయండి.

మూడు. తీసి ఉంచిన కేబుళ్లు మళ్లీ తగిలించి ఫోల్డర్లు చేయండి: ఫొటోలు, వీడియోలు, పాటలు, కాగితాలు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో యూజరు పేరు. కాగితాల ఫోల్డరు పెద్దవాళ్లకే తెరుచుకునేలా పెట్టండి. పట్టా పాసు పుస్తకం, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇన్సూరెన్సు పాలసీలు, పిల్లల సర్టిఫికెట్లు స్కాన్ చేసి అందులో వేయండి.

నాలుగు. సాంబా ఆన్ చేయండి. ఇక విండోస్‌లో ఆ ఫోల్డర్లు ఇంకో డ్రైవులాగా కనిపిస్తాయి.

అయిదు. ఇమ్మిచ్ అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేరు వేసుకోండి. ఫోన్లో దాని యాప్ పెట్టుకుంటే, తీసిన ఫొటోలు వాటంతటవే సర్వరుకు చేరతాయి. తేదీల వారీగా చూపిస్తుంది. ముఖాలు గుర్తుపట్టి అమ్మమ్మ ఫొటోలన్నీ ఒకచోట చేరుస్తుంది. ఆ గుర్తుపట్టే పని కూడా మన ఇంటి కంప్యూటరులోనే జరుగుతుంది. మన పిల్లల ముఖాలు గడప దాటి పోవు.

ఆరు. గూగుల్‌లో ఉన్న పాత ఫొటోలను టేకౌట్ అనే సదుపాయంతో మొత్తం దించుకోండి. అందులో ఫొటో పక్కనే తేదీ వగైరా వివరాలు వేరే చిన్న ఫైళ్లుగా వస్తాయి. పనికిరానివి అనుకుని వాటిని పారేయకండి. సర్వరుకు చేరిన ఫొటోలు తెరిచి సరిచూసుకునేదాకా గూగుల్‌లో ఒక్కటి కూడా చెరపకండి.

నకలు లేని సర్వరు సర్వరే కాదు!

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇది రెండుసార్లు చదవండి.

1988లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం రాశారు. చవక డిస్కులు కొన్ని జతచేసి, ఒకటి పోయినా పని ఆగకుండా నడపడం ఎలాగో చెప్పారు. దాన్నే రెయిడ్ అంటారు. అందులో అన్నిటికంటే తేలికైనది మిర్రర్ పద్ధతి: రెండు డిస్కుల మీదా ఒకేసారి ఒకే సంగతి రాయడం. ఒక డిస్కు చచ్చిపోతే రెండోది నడుస్తుంది. బాగానే ఉంది. కానీ బాబు ఆడుకుంటూ ఫోల్డరు చెరిపేస్తే రెండింటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ పడుతుంది. దొంగ డబ్బా ఎత్తుకుపోతే రెండూ పోతాయి. మిర్రర్ వల్ల సర్వరు ఆగకుండా నడుస్తుంది, అంతే. నకలు చేసే పని దానితో కాదు.

అందుకే డబ్బు రెండు డిస్కులకే సరిపోతే మిర్రర్ జోలికి పోకండి. ఒక డిస్కు సర్వరులో పెట్టండి. రెండోదాన్ని యూఎస్‌బీ డబ్బాలో బిగించి వారం వారం నకలు తీయండి, తీశాక ఊడదీసి వేరే చోట దాచండి. మూడో డిస్కు కొనగలిగిన రోజున మిర్రర్ సంగతి ఆలోచిద్దాం.

పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు, రెండు, ఒకటి. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. ఆ చివరి ఒకటి ఎందుకో మనకు వేరే చెప్పాలా? 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోకి చెరువులు నడిచొచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలాంటప్పుడు ఇంట్లో అయిదు ప్రతులున్నా అయిదూ ఒకే నీళ్లలో మునుగుతాయి.

మనవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. ఏటా దసరాకూ సంక్రాంతికీ ఎలాగూ ఊరెళతాం. దసరాకు ఒక డిస్కు తీసుకెళ్లి అమ్మవాళ్ల ఇంట్లో పెట్టండి. సంక్రాంతికి తాజా నకలున్న ఇంకో డిస్కు తీసుకెళ్లి, పాతది వెనక్కి తెచ్చుకోండి. బయటికి వెళ్లే డిస్కుకు పాస్‌వర్డు తాళం వేయడం మరవకండి. ఊరు లేనివారు తోబుట్టువుల ఇంటితో మార్పిడి చేసుకోండి. ఇప్పటికే డబ్బు కడుతున్న క్లౌడునూ ఇలా నకలు దాచడానికి వాడుకోవచ్చు.

రెండు నెలలకోసారి ఒక ఫొటోనైనా ఆ నకలు నుంచి వెనక్కి తీసి తెరిచి చూడండి. తెరిచి చూడని నకలును నమ్ముకోకండి.

వాకిలి బార్లా తీయకండి!

సర్వరు ఇంట్లో ఉన్నంతసేపు భద్రం. ఆఫీసు నుంచి చూడాలనో, డాలస్‌లో ఉన్న అమ్మాయికి చూపించాలనో రౌటరులో పోర్టు తెరిచామా, ప్రపంచంలోని ప్రతి దొంగా తలుపు తడతాడు.

ఇవి ఉత్త మాటలు కావు. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు, విండోస్ ఫైళ్లు పంచుకునే దారిలోని ఒక లోపం పట్టుకుని దేశదేశాలూ పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 2021 జూన్‌లో మై బుక్ లైవ్ అనే రెడీమేడ్ స్టోరేజీ డబ్బాలు కొన్నవారు పొద్దున లేచి చూసేసరికి లోపల ఏమీ లేదు. ఎక్కడినుంచో ఎవరో తుడిచేశారు. ఆ డబ్బాకు కంపెనీ 2015 నుంచే అప్‌డేట్లు ఆపేసింది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ ముఠా, ఇంటర్నెట్టుకు తెరిచి ఉంచిన క్యూనాప్ డబ్బాలకు తాళాలు వేసి డబ్బు అడిగింది.

కాబట్టి పోర్టులు తెరవకండి. వైర్‌గార్డ్ అనే రహస్య దారి వేసుకోండి. 2020 నుంచి అది మన సర్వరును నడిపే లినక్స్‌లో భాగమే. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతాయి. బయటినుంచి నేరుగా మన ఇంటికి దారి దొరకదు. అలాంటి ఇళ్లకు, వైర్‌గార్డ్ మీదే కట్టిన టెయిల్‌స్కేల్ లాంటివి దారి చూపిస్తాయి. అమ్మాయి ఫోన్లో ఆ యాప్ పెట్టి మన ఇంటి నెట్‌వర్కులో చేరిస్తే చాలు. అక్కడ తీసిన మనవడి ఫొటో ఇక్కడి సర్వరుకు వచ్చి పడుతుంది.

అప్‌డేట్లు నెలకోసారి తప్పక వేయండి. ముఖ్యమైన పాస్‌వర్డులన్నీ ఒక కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి సర్వరు ఆపడం, మొదలుపెట్టడం, నకలు తీయడం నేర్పండి. ఇంటి ఆస్తి తాళం ఒక్కరి బుర్రలో ఉండకూడదు.

మీరు అడిగే ప్రశ్నలకు మా జవాబులు

"కరెంటు బిల్లు పేలిపోదా?" పాత డెస్క్‌టాపు సర్వరుగా ఊరికే ఉన్నప్పుడు 40 నుంచి 50 వాట్లు తీసుకుంటుందనుకుందాం. నెలకు 29 నుంచి 36 యూనిట్లు. తక్కువ కరెంటు తాగే చిన్న కంప్యూటరు 15 వాట్లదైతే 11 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ ధరతో గుణించి చూడండి. పక్కన క్లౌడుకు నెలకు కట్టేది రాసి, పన్నెండుతో, ఆపైన పదితో గుణించండి. డిస్కుల ఖర్చు కలిపినా ఇంట్లో నలుగురూ వేరువేరుగా అద్దె కట్టే కుటుంబానికి లెక్క కలిసొస్తుంది. ఒక్కరే ఉండి, 15 జీబీ కూడా నిండనివారికి డబ్బు లెక్కలో కలిసిరాకపోవచ్చు. వారికి సర్వరు అవసరం లేదు, నకలు డిస్కు ఒక్కటి చాలు. ఉన్నమాటే చెబుతున్నాం.

"డిస్కు పాడైతే?" పాడవుతుంది. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ కంపెనీ ఏటా ప్రకటించే లెక్కల్లో, ఏడాదికి నూటికి ఒకటి రెండు చచ్చిపోతూనే ఉంటాయి. స్మార్ట్ అనే పరీక్ష డిస్కులోనే ఉంటుంది. చెడిన భాగాలు పెరుగుతుంటే ముందే మెయిలు పంపేలా సర్వరును పెట్టుకోవచ్చు. ఆ మెయిలు వచ్చిన రోజే కొత్త డిస్కు కొనండి, నెలాఖరు దాకా ఆగకండి.

"రెడీమేడ్ డబ్బా కొనుక్కుంటే పోదా?" పోతుంది, తప్పేమీ లేదు. కానీ అది ఆగిపోతే ఆ కంపెనీ దయ. మనం కూర్చుకున్నదాంట్లో మదర్‌బోర్డు కాలిపోయినా, డిస్కు తీసి ఇంకే లినక్స్ కంప్యూటరుకు పెట్టినా మన ఫైళ్లు కనిపిస్తాయి.

"మాకు ఇవన్నీ రావు కదా?" ఎవరికీ పుట్టుకతో రావు. ఈ పరికరాలు ఉచితంగా చేతికి వచ్చాయంటే వెనక కొందరి ఓపిక ఉంది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, 1990ల మొదట్లో, తీగలో పోయే సంకేతాలు గమనించి గమనించి సాంబాను రాశాడు. నకళ్లు తీసే ఆర్‌సింక్ కూడా ఆయన చేయి పడిందే. 2005లో ఒలివియే కొషార్ లాబే ఫ్రీనాస్ అనే ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరు మొదలుపెట్టాడు. ఓపెన్ మీడియా వాల్ట్ వోల్కర్ టైలే రాసింది. వీళ్లు తమ రాతను లోకానికి వదిలేశారు. వాడుకునే హక్కు, విప్పి చూసే హక్కు, మార్చుకునే హక్కు మనకూ ఇచ్చారు. ఆ హక్కు వాడుకోకుండా అద్దె కట్టడమెందుకు?

మన డిమాండ్లు

పెళ్లి ఫొటోగ్రాఫర్లు అసలు ఫైళ్లు మొత్తం ఇవ్వాలి. ఆల్బం చేతికిచ్చి సరిపెట్టకూడదు!

డిస్కులు అమ్మే దుకాణాలు సీఎంఆరో ఎస్ఎంఆరో బిల్లు మీద రాయాలి!

ఇంటర్నెట్ కంపెనీలు దిగే వేగంతో పాటు ఎక్కే వేగాన్నీ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో చెప్పాలి!

ఈ వారం మీరు చేయాల్సింది

సోమవారం: ఇంట్లో ఉన్న పాత ఫోన్లు, పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు, పెళ్లి సీడీలు, హార్డ్ డిస్కులు అన్నీ ఒక పళ్లెంలోకి తీయండి. ఎన్ని జీబీలు ఉన్నాయో చూడండి.

బుధవారం: గూగుల్ టేకౌట్ పెట్టండి. సిద్ధం కావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు.

శుక్రవారం: అటక మీది కంప్యూటరు దించి ఆన్ అవుతుందేమో చూడండి.

ఆదివారం ఉదయం పది గంటలకు: ఆ కంప్యూటరుతో సహా మన కమ్యూనిటీ హాలుకు రండి. డిస్కులు అందరం కలిసి కొందాం, దుకాణంలో బేరం గట్టిగా ఆడదాం. ఇంటర్న్‌షిప్‌ల కోసం తిరుగుతున్న బీటెక్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కాలేజీలో చదివిన లినక్స్‌కు పని ఇక్కడ ఉంది. ఒక్కొక్కరు రెండేసి ఇళ్లు పట్టండి. మొదట పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లు చూడండి. వాళ్ల దగ్గరే పాత ఫొటోలు ఎక్కువ, సాయం తక్కువ.

అసలు ప్రతి మన ఇంట్లో!
నకళ్లు నాలుగు దిక్కులా!
తాళం మన చేతిలో, అద్దె లేని జాగాలో!
కదలండి! కూర్చండి! పక్కింటికి నేర్పండి!

ఇట్లు,
మీ కాలనీవాసులు

చదివాక పారేయకండి. పక్కింటివారికి ఇవ్వండి.